నవాబు గారి వేణ్ణీళ్లు

ఈమధ్య బాపట్లలో మా చెల్లెలు షమీమ్ ఇంటికి భోజనానికి వెళ్లాను. బిర్యానీలో మొదటి ముద్ద నోటిదాకా వెళ్లిందో లేదో, మా బావగారి జేబులో ఫోను సముద్రం ఊళ్లోకి వచ్చేసినంత కంగారుగా కూసింది. ఆయన ఎంగిలి చేత్తోనే ఫోను తీసి, చూసి, ముఖం వేలాడేసి, "ఒక డిగ్రీ పడిపోయింది బావా" అన్నాడు. బంధువుల్లో ఎవరి ఆరోగ్యమో అనుకుని నేనూ ముఖం వేలాడేశాను. తీరా చూస్తే హాల్లో ఆరు చేపలున్న అక్వేరియం. అందులో ఒక హీటరు, దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఒక యంత్రం, ఆ యంత్రం ఫోనుకి చెబుతుంది, ఫోను మా బావకి చెబుతుంది. ఇల్లు తుడిచే అమ్మాయి చీపురు తగిలి ప్లగ్గు కాస్త వదులైందట. బావ ఎడమ చేత్తో ప్లగ్గు నొక్కాడు. ఫోను శాంతించింది. ఆయన వచ్చి మళ్లీ బిర్యానీ ముందు కూర్చున్నాడు. ఈలోగా షమీమ్, నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అన్నం మెతుకులు ముక్కులోకి పోయేదాకా నవ్వాం. "ఏంటి, ఏమైంది?" అని బావ అడుగుతూనే ఉన్నాడు. ఒక భోజనంలో అయ్యే కథ కాదది. అందుకని ఇంటికొచ్చి కాగితం మీద పెడుతున్నాను.

తెనాలి చెంచుపేటలో మా ఇల్లు ముందు సగం పరుపుల షాపు, వెనక సగం సంసారం. మధ్యలో ఒక పాత దుప్పటి పరదా. పరదా ఉందన్న సంగతి మనుషులకి తెలుసుగానీ దూదికి తెలియదు. పొద్దున మిషను మీద దూది ఏకడం మొదలుపెడితే, ఆ నూగు మా మంచాల మీదికి, మా పుస్తకాల మీదికి, కూరల్లోకి, కనుబొమ్మల్లోకి తీరిగ్గా వచ్చి వాలేది. పెరుగన్నంలో మీగడేదో దూదేదో నాలుక్కి కూడా తేలేది కాదు. బళ్లో నా జుట్టు చూసి కొత్త మాస్టారు ఒకాయన, చిన్న వయసులోనే ఎంత కష్టమొచ్చిందో పిల్లాడికి అని జాలిపడి నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టాడు. కొత్త గుడ్డల గంజివాసన, ఏకిన దూదికుండే ఆ పొడి ఎండవాసన, వెనకనుంచి వచ్చే చేపల పులుసు వాసన, మూడూ కలిసిన గాలి పీల్చి పెరిగిన వాళ్లం మేం. ఆ గాలి పీల్చితే నాకు ఇప్పటికీ ముందు నిద్రొస్తుంది, వెంటనే ఆకలేస్తుంది.

షాపు గుమ్మంలో మా నాయనమ్మ కూర్చునేది. పాత పరుపులు ఏకించుకోవడానికి ఎవరు తెచ్చినా ముందు ఆవిడ చూడాలి. పరుపు విప్పి నేలమీద పరిచి, దాని గుంటలు చూసి ఆ ఇంటి కాపురం మొత్తం చెప్పేసేది. "ఇటుపక్క గుంటుంది, అటుపక్క లేదు. ఆయన ఇంట్లో పడుకోవట్లేదమ్మా" అనేది, తెచ్చిన ఆవిడ ముఖం చూడకుండానే. ఊళ్లో సగం కాపురాలు ఆవిడ చూపుడు వేలి కింద నుంచి వెళ్లినవే. పెద్ద పెద్ద ఇళ్ల వాళ్లు పరుపుల్ని చీకటిపడ్డాక రిక్షాలో పంపేవాళ్లు, అడ్రసు చెప్పొద్దని రిక్షావాడితో ఒట్టు వేయించుకుని.

ఇక మా నాన్న. పేరు మస్తాన్. మనిషి దబ్బనంలా సన్నగా ఉండేవాడుగానీ గొంతు మాత్రం దేవుడు వేరే ఎవరికో చేసి పొరపాటున ఈయనకి పెట్టాడు. షాపులో సూది విరిగితే అరుపు, దారం తెగితే అరుపు, అన్నంలో రాయొస్తే అరుపు, రాకపోతే ఎందుకు రాలేదన్నట్టు ఒక మూలుగు. ఆయన మా ఇంట్లో అరిస్తే కాలవ వంతెన మీద రిక్షాలు ఆగేవి, రైలు స్టేషన్లో పోర్టరు బండి బయల్దేరిందేమోనని జెండా వెతుక్కునేవాడు. మెచ్చుకోలు విషయంలో మాత్రం మహా పొదుపరి. కూర అమృతంలా ఉంటే, "ఉప్పు సరిపోయింది" అనేవాడు. ఆయన భాషలో అంతకంటే పెద్ద మాట లేదు. అది కూడా పండగ రోజున, చుట్టాల ఎదుట, గొంతు తగ్గించి. మా అమ్మ ఆ ఒక్క మాట కోసం ఎన్ని కూరలు వండిందో లెక్కలేదు.

నేను డిగ్రీలో ఉండగా ఆయనకి ఒకరోజు షాపులోనే కళ్లు తిరిగాయి. పరుపుల మధ్య పడ్డాడు కాబట్టి దెబ్బ తగల్లేదు. డాక్టరు గారు బీపీ చూసి, మళ్లీ చూసి, తన మిషను పాడైందేమోనని కాంపౌండరుకి కట్టి చూసి, "ఏం మస్తానూ, ఇంత కోపం ఎక్కడ పెట్టుకుంటున్నావు?" అన్నాడు. మాత్రలు రాశాడు. ఆయన ఆసుపత్రి హాల్లో ఒక అక్వేరియం ఉండేది. దాన్ని చూపించి, "కోపం వచ్చినప్పుడల్లా పోయి ఇలాంటి దాని ముందు కూర్చో. చేపని చూస్తూ అరవడం ఎవరివల్లా కాదు" అన్నాడు. మా నాన్న డాక్టరు మాట ఏదైనా సగమే వినేవాడు. ఉప్పు తగ్గించమన్నది వినలేదు. చేపల మాట మాత్రం ఎందుకో మొత్తం విన్నాడు. విజయవాడ వెళ్లి ఒక గాజు తొట్టి, గాలి బుడగల మిషను, గాజు హీటరు, నాలుగు బంగారు చేపలు, చింతాకంత నల్ల చేప ఒకటి మోసుకొచ్చాడు. ఆ నల్లది ఆస్కార్ జాతిదట. కొట్టువాడు, "ఇది వేడి దేశాల చేపండి, చలి తగలనివ్వకండి" అన్నాడట. మా నాన్న, "మాది పరుపుల షాపండి" అని చెప్పి వచ్చాడట. ఆ మాటని మూడు తరాల ప్రతిష్ఠగా చెప్పుకునేవాడు.

ఆ చింతాకు నెల తిరక్కుండా బంగారు చేపల్ని ఒక్కొక్కటిగా మింగేసి, తామరాకంత పెరిగి, తొట్టిలో ఒంటరిగా, దర్జాగా తిరగడం మొదలుపెట్టింది. నల్లటి ఒంటి మీద నిప్పుకణికల్లాంటి మచ్చలు, పెద్ద పెదవులు, ఎవర్ని చూసినా మనవల్ల ఏదో తప్పు జరిగినట్టు చూసే చూపు. నవాబు అని పేరు పెట్టాం. దానికి రేపల్లె వైపు నుంచి వచ్చే రొయ్యలే కావాలి, అవీ మా నాన్న వేళ్లతో అందిస్తేనే. ఆయన పరదా తీసుకుని లోపలికి వస్తే చాలు, గాజుకి ముఖం ఆనించి తోక ఊపేది. నన్ను ఆయన పుట్టినప్పటి నుంచి "వెధవా" అనే పిలిచాడు. ఆ చేపని "అబ్బాయ్" అనేవాడు.

దాంతో మా ఇల్లు మారిపోయింది. సూది విరిగేది. నాన్న నోరు తెరిచేవాడు. అందరం భుజాలు ముడుచుకునేవాళ్లం. ఆయన నోరు అలాగే తెరిచి పట్టుకుని లేచి వెళ్లి తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కాసేపు బుడగల చప్పుడు వినిపించేది. తర్వాత మామూలు మనిషి బయటికి వచ్చేవాడు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఒక గ్లాసు కూడా నేలకేసి కొట్టినట్టు నాకు గుర్తులేదు. మా అమ్మ ఆ తొట్టి అద్దాన్ని ఇంట్లో దేనికీ వాడనంత మెత్తటి గుడ్డతో తుడిచేది. చేప మీద ప్రేమతో కాదు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ చలికాలం తుఫాను. తెనాలిలో చలి అంటే ఏంటి? స్వెట్టరు బయటికి తీసి, కలరా ఉండల వాసన చూసి, మళ్లీ లోపల పెట్టేయడం. అంతకుమించి ఎరగం. ఆ ఏడు మాత్రం హిమాలయాలు దారి తప్పి చుండూరు దాకా వచ్చి, అక్కడ ఎవరినో దారి అడుగుతున్నాయా అన్నట్టుంది. ముందు వాన, తర్వాత గాలి, తర్వాత రెండూ కలిసి. నాన్న అంతకు ముందు రోజే పెళ్లివారి పరుపులు వేసుకుని వ్యానులో రేపల్లె వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి ఒకే మాట చెప్పాడు. "చేప జాగ్రత్త." ఇల్లు అనలేదు, షాపు అనలేదు, అమ్మ అనలేదు. మర్నాటికి చెరుకుపల్లి దగ్గర చెట్లు రోడ్డుకడ్డంగా పడ్డాయనీ, ఇటు బండి అటు వెళ్లట్లేదు, అటు బండి ఇటు రావట్లేదనీ తెలిసింది. ఫోను మూగబోయింది. కరెంటు పోయింది. కరెంటాఫీసు మనిషి సైకిలు మీద వీధిలో వెళ్తుంటే అడిగాం. "స్తంభాలన్నీ పొలాల్లో పడుకున్నాయమ్మా. ఒక్కోదాన్ని లేపాలిగా" అన్నాడు, బద్ధకస్తుల గురించి చెప్పినట్టు.

ముందు బుడగలు ఆగాయి. ఆ చప్పుడు ఆగాకే తెలిసింది ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. తర్వాత హీటరులో ఎర్ర లైటు ఆరిపోయింది. మా అమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"చల్లబడిపోతంది అత్తయ్యా" అంది.

"ఎంత చల్లగా ఉందో చూడాలిగా, ఊరికే అంటే ఎట్టా" అంది నాయనమ్మ.

ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు ఒక్కటే. షమీమ్ దాన్ని విదిలించి నీళ్లలో పెట్టింది. నవాబు వచ్చి దాన్ని ఒకసారి రుచి చూసి, నచ్చక వెళ్లిపోయాడు. పాదరసం ఉన్నచోటు నుంచి కదల్లేదు. నాయనమ్మ దాన్ని వెలుగులో పెట్టి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, "జ్వరం లేదు. ఇంక భయమేంటి?" అని తీర్పు చెప్పింది.

"జ్వరం లేకపోవడమే భయం అత్తయ్యా" అంది అమ్మ. తర్వాత మా ఇద్దరి వైపు తిరిగి, గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పింది. "చూడండిరా, ఆ చేపకేమన్నా అయ్యిందా, మళ్లీ ఆ పాత మనిషి వచ్చిద్ది ఇంట్లోకి. ఆయనకి మళ్లీ కళ్లు తిరిగి పడితే ఈసారి పరుపు మీదే పడతాడని ఏముంది?"

అంతే, మేం రంగంలోకి దిగాం. గాలి సంగతి నాదీ షమీమ్‌దీ. మగ్గుతో నీళ్లు తీసి, టీకొట్లో టీ తిరగబోసినట్టు ఎత్తునుంచి తొట్టిలో పోయాలి. ఆ చలిగాలిలో, మోచేతుల దాకా తడిసి, వంతులవారీగా. నా వంతు ఎప్పుడూ షమీమ్ వంతు కంటే పొడుగ్గా ఉండేదని నా వాదన. ఆవిడ వాదన ఇప్పటికీ దానికి వ్యతిరేకంగానే ఉంది. వెచ్చదనం సంగతి నాయనమ్మ తీసుకుంది. "మూడు తరాలుగా ఊరందరికీ చలి కాచినోళ్లం, గిద్దెడు చేపకి కాయలేమా?" అని కొంగు దోపి, సైదులుని పిలిచింది.

సైదులు మా షాపులో కుట్టుపని చేసేవాడు. పళ్ల మధ్య ఎప్పుడూ దారం ఉండేది, కాబట్టి ఆయన మాటలన్నీ ఒక పక్కనుంచి వచ్చేవి. టేపు తీసుకుని వచ్చి తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. చెవిమీది పెన్సిలు తీసి గోడ మీద రాసుకున్నాడు. తర్వాత, పరుపు కుట్టించుకునే వాళ్లందర్నీ అడిగినట్టే, అలవాటు కొద్దీ అడిగాడు.

"తల ఎటు పెట్టుకుంటారండి?"

"తూర్పుకి పెట్టు" అంది నాయనమ్మ, తడుముకోకుండా.

"ఏ దూది పెట్టమంటారు పెద్దమ్మా? బూరుగా, పత్తా?"

"బూరుగు దూది పెళ్లివాళ్లది, రెండో జోడీకి దాచాడు మీ యజమాని. దాని జోలికి పోమాక. పాత పత్తి ఏకింది ఉందిగా, అది పెట్టు. దట్టంగా పెట్టు."

నాలుగు పక్కలా గోడలు, పైన మూత. ఆ మూత ఊరికే కప్పేది కాదు. సందులోంచి చలి దూరకూడదని, సీసాకి బిరడా ఉన్నట్టు, తొట్టి నోట్లోకి దిగేలా ఉబ్బెత్తుగా కుట్టించింది నాయనమ్మ. గోడల్నీ మూతనీ కలిపి టాకాలు వేశారు. మగ్గు పట్టేందుకు ఒక మూల జేబులాంటి సందు వదిలారు, అది కూడా నేను పోట్లాడితే. ఊపిరి ఎట్లా ఆడుతుందని నేనంటే, "నువ్వు ముసుగుతన్ని బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటావు. ఊపిరాడక చచ్చావా?" అంది నాయనమ్మ. సాయంత్రానికి బొంత తయారైంది. ఎర్రచారల గుడ్డ, అంచుకి పచ్చ పట్టీ. అమ్మ ఉన్న గ్యాసంతా ఖర్చుపెట్టి నీళ్లు కాచి తొట్టిని అంచుదాకా నింపింది. పైన బొంత తొడిగాం. చూస్తే గది మధ్యలో ఒక చిన్న ఏనుగు అంబారీతో సహా నిలబడినట్టుంది. పక్కింటి వరలక్ష్మి పిన్ని వచ్చి, చుట్టూ తిరిగి చూసి, వేలితో నొక్కి, "మా మనవడికి కూడా ఇంత మెత్తటిది లేదమ్మా" అని నిట్టూర్చింది. వీధి వీధంతా వచ్చి చూసింది. కరెంటు లేదు, టీవీ లేదు, వాళ్లకి మాత్రం ఇంకేం పని? సైదులు ఒక పక్కగా నిలబడి ఒక పక్కనుంచే నవ్వాడు. మా వృత్తి చరిత్రలో అది శిఖరం.

పొద్దున్నే మొదట లేచింది నాయనమ్మ. కాలు కింద పెట్టి, "ఇల్లు కురుస్తందిరా" అని కేక వేసింది. పైన చూస్తే కప్పు పొడిగా ఉంది. కింద చూస్తే గదంతా కాలవ. ఆ నీళ్ల మధ్య మా బొంత, రాత్రి ఏనుగులా ఉన్నది, పొద్దునకి ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదెలా ఉబ్బి ఉంది. జరిగింది ఏంటంటే, ఆ బిరడా లాంటి మూత నీళ్లకి తగిలింది. పత్తి దూదికి అంతకంటే ఏం కావాలి? రాత్రంతా నిదానంగా పీల్చి, మూత గోడలకి ఇచ్చి, గోడలు నేలకి ఇచ్చి, ఎవరికీ లోటు లేకుండా పంచిపెట్టింది. సైదులు, నేనూ ఆ బొంతని ఎత్తబోయి ఎత్తలేక, ఈడ్చుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లి, చెరో చివరా పట్టుకుని మెలిపెట్టి పిండాం. అందులోంచి అక్వేరియం వచ్చింది.

"బూరుగు దూది అయితే నీళ్లు పట్టదు. తెలుసు కదరా నీకు" అంది నాయనమ్మ.

"పెళ్లివాళ్లది ముట్టుకోవద్దంది మీరే కదండీ."

"నేను ముట్టుకోవద్దంటాను. నువ్వు ముట్టుకోవాలి. ఇన్నేళ్లుగా చేస్తన్నావు, ఆ మాత్రం తెలీదా?"

సైదులు పళ్ల మధ్య దారం కొరికాడు.

తొట్టిలో సగానికి సగం నీళ్లు. ఆ సగం నీళ్లలో, అడుగున, నవాబు పక్కకి ఒరిగి పడున్నాడు. ఒక కన్ను పైకి, ఒక కన్ను ఇసకలోకి. ఆస్కార్ చేపలకి అలగడం అలవాటనీ, అలిగితే అట్లా పక్కకి పడుకుంటాయనీ చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి మేం చూసిన పక్కకి ఒరిగిన చేపలన్నీ మార్కెట్లో బల్లల మీదవే. షమీమ్ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ గాజు మీద వేలితో కొట్టింది. మొప్ప కదిలింది, ఏదో మన మొహం చూసి దయతలచినట్టు. "ఉన్నాడు, ఉన్నాడు. వేణ్ణీళ్లు కావాలి" అంది అమ్మ.

గ్యాసు అయిపోయింది. వరలక్ష్మి పిన్ని ఇంట్లో పాత పొట్టు పొయ్యి ఉంటే, దాన్ని మా పెరట్లోకి తెచ్చి, సైదులు చేత రంపప్పొట్టు కూరిపించి, పండగలకి బిర్యానీ వండే పెద్ద డేగిసా ఎక్కించారు. తడిసిన పొట్టు రాజుకోవడానికి, నాయనమ్మ ఊదుడు గొట్టంతో ఊదీ ఊదీ ముఖం ఆ పొయ్యి రంగుకే వచ్చింది. మధ్యాహ్నం దాటాక నీళ్లు కాగాయి. పసిబిడ్డకి స్నానం పోసేటప్పుడు చూసినట్టు అమ్మ మోచెయ్యి ముంచి చూసి, చన్నీళ్లు కలిపి, మళ్లీ చూసి, చెంబు పక్కన పెట్టుకుంది. తడిచేతులు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు కూడా తెచ్చి గోడమీద వేసింది. చెంబు ముంచబోతోంది. సరిగ్గా అప్పుడు పెరటి తలుపు కిర్రుమంది.

నాన్న. ముందు వీధిలో మోకాటి లోతు నీళ్లున్నాయని వెనక సందులోంచి వచ్చాడు. ట్రాక్టరు మీద కొంత దూరం, ఇటికల లారీ మీద కొంత, మిగతా అంతా కాళ్ల మీదే. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు నేరేడుపళ్లలా ఉన్నాయి. దవడలు కొట్టుకుంటున్నాయి. తొట్టి ఉన్న గది వైపు ఆయన చూడనే లేదు. నాయనమ్మని చూశాడు. షమీమ్ నెత్తిమీద చెయ్యి పెట్టాడు. నన్ను చూసి, "ఏరా, ఉన్నావా" అన్నాడు. వెధవా అనడం కూడా మర్చిపోయాడు. తర్వాత అమ్మని చూశాడు, అమ్మ పక్కన పొగలు కక్కుతున్న డేగిసాని చూశాడు, చెంబుని చూశాడు, గోడమీది తువ్వాలుని చూశాడు.

"నాకోసమేనా?" అన్నాడు.

అమ్మ నోరు తెరిచింది. వెనకనుంచి నాయనమ్మ అమ్మ నడుము మీద గిల్లింది. ఆ గిల్లుడు నాకు స్పష్టంగా కనపడింది. అమ్మ అబద్ధం ఆడలేదు. "మరి" అంది. ఆ ఒక్క మాటే. తెలుగులో అంతకంటే పనికొచ్చే మాట నేను మళ్లీ వినలేదు.

"నేనొస్తానని నీకెట్టా తెలుసే? ఈ వానలో, ఈ పొట్టు పొయ్యి మీద, ఎప్పుడొస్తానో ఏంటో తెలీకుండానే నీళ్లు కాచి పెట్టుకు కూర్చున్నావా?" అన్నాడు. మాట కోసం వెతుక్కున్నాడు. ఆయన దగ్గర ఉన్నవి కొన్నే కదా. "నువ్వుండబట్టే సరిపోయింది" అన్నాడు.

అని, డేగిసాని సైదులు చేత మోయించుకుని స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. లోపల చెంబు చప్పుడు మొదలైంది. ఒక్కో చెంబుకీ హాయిగా ఒక మూలుగు. ఇవతల మేమంతా తలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. చెంబు చెంబుకీ నవాబు ప్రాణం తూములోంచి కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి పోతోంది. షమీమ్ తలుపు కొట్టబోయింది. అమ్మ దాని రెక్క పట్టుకుని ఆపింది.

"అమ్మా, చేప చచ్చిపోయిద్ది."

"పోనియ్యవే. మనిషి నీలుక్కుపోయి వచ్చాడు. తనివితీరా పోసుకోనియ్యి."

"మళ్లీ అరుస్తాడుగా."

"అరిస్తే అరుస్తాడు. రోజూ వినేదేగా."

పొద్దుటినుంచీ ఎవరికోసం అయితే ఆ చేపని బతికించాలని తంటాలు పడిందో, ఆయనే వచ్చాక అమ్మకి చేప అక్కర్లేకపోయింది. నాకు అది అప్పుడు అర్థం కాలేదు. మోచేతుల దాకా తడిసినవాణ్ని కదా, ఒళ్లు మండింది.

నాన్న తువ్వాలు చుట్టుకుని, ఎర్రగా, కడిగిన రాగి చెంబులా బయటికి వచ్చాడు. "సగం మిగిలాయే. పారబోస్తే పాపం. చేపకి పోయండి, దానికీ చలేస్తదిగా" అన్నాడు, తనకే తట్టిన కొత్త ఉపాయంలా. నాయనమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుని చాలాసేపు దగ్గింది. ఆయనే స్వయంగా చెంబుతో, గాజు పక్కనుంచి, కొద్దికొద్దిగా పోశాడు. నీళ్లు ఎందుకు సగమయ్యాయని అడుగుతాడేమోనని మేం ఊపిరి బిగబట్టాం. ఆయన ఆ ధ్యాసలో లేడు. కాసేపటికి నవాబు ఒక రెక్క కదిల్చాడు. ఒరిగిన మంచాన్ని ఎవరో లేపి నిలబెట్టినట్టు, మెల్లిగా, పరువు పోకుండా, నిటారుగా అయ్యాడు. గాజు దగ్గరికి వచ్చి మమ్మల్నందర్నీ పేరుపేరునా కోపంగా చూశాడు. నాన్న జేబులో రేపల్లె నుంచి తెచ్చిన రొయ్యల పొట్లం ఉంది, తడిసి ముద్దై. ఒకటి తీసి వేళ్లతో అందిస్తే, రొయ్యతో పాటు వేలు కూడా కొరికాడు.

"నా నీళ్లలో సగం నీకిచ్చానురా అబ్బాయ్, గుర్తుంచుకో" అన్నాడు నాన్న, వేలు చీకుతూ.

వంటింట్లో ఏదో గిన్నె అవసరానికి మించి గట్టిగా కిందపడింది.

ఇప్పటి ఇళ్లలో కరెంటు పోయిన సంగతే తెలియదు. ఇన్వర్టరు ఒకసారి టిక్కుమంటుంది, ఫ్యాను ఒక్క క్షణం ఆలోచిస్తుంది, అంతే. చేపకి చలేస్తే యంత్రానికి తెలుస్తుంది, మా బావలాంటి మంచివాళ్లు ప్లగ్గు నొక్కి వచ్చేస్తారు. ఒక్క చేప కోసం వీధి మొత్తం పొయ్యి ఊదాల్సిన పనిలేదు, ఎవరినీ తిట్టాల్సిన పనీ లేదు. పరుపులు కూడా ఇప్పుడు పెట్టెల్లో చుట్టలు చుట్టి వస్తున్నాయి. వాటిని ఎంత నొక్కినా గుంటలు పడవు. ఎవరి కాపురం ఎట్లా ఉందో చెప్పడానికి మా నాయనమ్మ ఉన్నా ఆవిడ వల్ల కాదు. అంతా మంచికే. నాకైతే ఇప్పుడు మోచేతుల దాకా తడిసే ఓపిక లేదు.

నవాబు ఆ తర్వాత కొన్నేళ్లు దర్జాగా బతికి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఏ ఇబ్బందీ పెట్టకుండా పోయాడు. నాన్న అరవలేదు. అప్పటికి ఆయనకి అరవడం అలవాటు తప్పింది. ఇప్పుడు డెబ్బై దాటినా ఆ తుఫాను కథ మాత్రం ఏ పెళ్లికెళ్లినా చెబుతాడు. చెట్లు పడటం, ట్రాక్టరు, ఇటికల లారీ, అంతా అయ్యాక గొంతు తగ్గించి, "ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వేణ్ణీళ్లు కాచి సిద్ధంగా పెట్టిందండి" అంటాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అమ్మ వైపు చూస్తారు. అమ్మ కొంగు సర్దుకుంటుంది.

మొన్న ఆ పెళ్లిళ్లలో ఒకదాని నుంచి తిరిగొస్తూ, కారులో నాన్న నిద్రపోతుంటే, అమ్మని అడిగాను. "ఇన్నేళ్లయింది కదా, ఆ నీళ్లు చేపకని ఆయనకి ఇప్పుడైనా చెప్పొచ్చుగా?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, అదేం పెద్ద విషయం కానట్టు చెప్పింది. "కాపురానికొచ్చినప్పటి నుంచి ఆయన నోటినుంచి నాకొచ్చిన మంచి మాట అదొక్కటేరా. దాన్ని తీసుకెళ్లి చేపకెందుకిస్తాను?"